నీళ్ల పరీక్ష కిట్: మా బడిలో ఏడాది వాడాక

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను. కొనండి, బడికైతే తప్పకుండా కొనండి. కానీ 250 రూపాయలకు దొరికే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను అంచనా కట్టేది) ఒక్కటి తెచ్చుకుని నీళ్ల పరీక్ష అయిపోయిందనుకునేటట్టయితే అసలు కొనకపోవడమే మేలు. ఎందుకంటున్నానో కింద వివరంగా రాశాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పేర్లు విన్నవాళ్లకు మా వైపు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు, నడివయసులోనే చేతికొచ్చిన కర్ర, పళ్ల మీద గోధుమరంగు చారలు. మా పిల్లల తాతలదీ నాయనమ్మలదీ ఆ తరం. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ఇంటింటికీ వచ్చింది కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు ఫ్లోరైడ్ అంటే ముసలివాళ్ల జబ్బు, పాఠంలో ఒక పేరా, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అదే పిల్లలు ఇంటికెళ్లి ఏ నీళ్లు తాగుతున్నారని అడిగితే సగం మంది ఫిల్టర్ నీళ్లని (ఊళ్లో ప్లాంటు నుంచి క్యాన్లలో వచ్చేవి), పదిమంది దాకా బోరు నీళ్లని, మిగతావాళ్లు నల్లా నీళ్లని చెప్పారు. ఏవి ఎందుకు తాగుతున్నారంటే మాత్రం ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఫిల్టర్ నీళ్లు తియ్యగుంటాయి, నల్లా నీళ్లు మందు వాసనొస్తాయి, అంతే.

పర్యావరణం గురించి బడుల్లో చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది. బడుల్లో ఎకో క్లబ్బులు 2001 నుంచి ఉన్నాయి. మా బడిలోనూ ఉంది. ప్రతి జూన్ 5న మొక్కలు నాటుతాం, పోస్టర్లు గీయిస్తాం, ఫొటోలు దిగుతాం, ఎండాకాలం వచ్చేసరికి ఆ మొక్కల్లో సగం ఎండిపోతాయి. ఏళ్ల తరబడి ఇదే చేశాను, చేసిన ప్రతిసారీ మనసులో ఏదో వెలితిగానే ఉండేది. చెట్లు నాటడం తప్పని కాదు. కానీ పిల్లలు తమ ఇంట్లో, తమ గ్లాసులో ఉన్నదాన్ని తామే పరీక్షించి, వచ్చిన జవాబు చూసి అమ్మానాన్నలతో మాట్లాడే పని ఒక్కటైనా ఉండాలి కదా అనిపించేది. అందుకే మా పాత విద్యార్థుల బ్యాచ్ ఒకటి బడికి ఏదైనా ఇస్తామని వస్తే బల్లలొద్దు, గడియారం వద్దు, ఒక నీళ్ల పరీక్ష కిట్ కొనివ్వండని అడిగాను. మూడున్నర వేల రూపాయలకు కాస్త ఎక్కువే అయింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ రకం కిట్లు చాలామంది చేస్తున్నారు, లోపల ఉండేవి కూడా దాదాపు అవే.

చిన్న సూట్‌కేసులాంటి ప్లాస్టిక్ పెట్టె. లోపల స్పాంజి గూళ్లలో చిన్న చిన్న డ్రాపర్ సీసాలు, గీతలున్న గొట్టాలు, రంగుల చార్టులు, ఒక పుస్తకం. పీహెచ్, కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లెక్క), క్షారత, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మిగులు క్లోరిన్, మురికిదనం. ఒక్కోదానికి వంద పరీక్షలు వస్తాయని పెట్టె మీద రాసుంది, ఏడాదిలో మాకు ఏదీ అయిపోలేదు కాబట్టి ఆ లెక్క నమ్మొచ్చనుకుంటున్నా. వీటికి తోడు సూక్ష్మజీవుల పరీక్షకు చిన్న సీసాలు, వీటినే హెచ్2ఎస్ వయళ్లు అంటారు, అవి మాత్రం పదే. నా ఉద్దేశంలో ఈ కిట్ మొత్తంలో అన్నిటికన్నా విలువైనవి ఆ పది సీసాలే, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పిల్లలకు మొదటిరోజే పట్టుబడింది కాఠిన్యం పరీక్ష. గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, ఒక రసాయనం చుక్కలేసి, చిటికెడు పొడి కలిపితే నీళ్లు ద్రాక్షపండు రంగుకొస్తాయి. ఆ తర్వాత మూడో సీసాలోది ఒక్కో చుక్కా వేస్తూ, గొట్టాన్ని ఊపుతూ లెక్కపెట్టాలి. పదకొండు, పన్నెండు, పదమూడు. ఏ చుక్కకు నీలం రంగు తిరిగిందో ఆ అంకెను పుస్తకంలో ఇచ్చిన అంకెతో గుణిస్తే కాఠిన్యం వస్తుంది. మాటిమాటికి ఎవరో ఒకరు తొందరపడి రెండు చుక్కలు కలిపేస్తారు, మళ్లీ మొదట్నుంచి చేయాలి. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి చేతికి ఆ డ్రాపర్ ఇస్తే నలభై నిమిషాలు తలెత్తలేదు. చుక్కకూ చుక్కకూ మధ్య ఊపిరి బిగబట్టుకుని చూసింది. ఆ రోజు నుంచి కాఠిన్యం పరీక్ష ఆ పిల్లదే.

మొదటి విడతలో ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఒక సీసా నీళ్లు తెమ్మన్నాను. సీసా మీద పేరొద్దు, నీళ్లు ఎక్కడివో రాయమన్నాను. అప్పటికే నా దగ్గర టీడీఎస్ మీటర్ ఉండడంతో ముందు దాంతోనే చూశాం. బోరు నీళ్లు లీటరుకు 900 మిల్లీగ్రాముల దగ్గర, నల్లా నీళ్లు 300 దగ్గర, ఫిల్టర్ నీళ్లు 40. చూశారా, ఫిల్టర్ నీళ్లే బెస్ట్ అని క్లాసంతా ఒక్కటే అరుపు. ఇదే అభిప్రాయం పెద్దవాళ్లలోనూ ఉంది, ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మేవాళ్లు చేతిలో పట్టుకొచ్చేది కూడా ఈ మీటరే. అంకె పెద్దగా కనిపిస్తే మనకు టెన్షన్, చిన్నగా కనిపిస్తే ధైర్యం.

ఆ మీటర్ దేన్ని కొలుస్తుందో అప్పుడు చేసి చూపించాల్సి వచ్చింది. ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లలో చెంచాడు చక్కెర కలిపి మీటర్ పెట్టాం, అంకె దాదాపు కదల్లేదు. ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పేశాం, అంకె ఒక్కసారిగా ఎగిరిపోయింది. చక్కెర కరిగింది, నాలుకకు తెలుస్తోంది, మీటరుకు తెలియడం లేదు. ఎందుకంటే అది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి దాన్నిబట్టి కరిగిన లవణాలను అంచనా కడుతుంది. కరిగిన చక్కెర కరెంటును మోయదు. సూక్ష్మజీవులు దానికి అసలే కనిపించవు. ఫ్లోరైడు లీటరుకు రెండు మిల్లీగ్రాములుంటే పిల్లల పళ్లకు చేటే, కానీ 900లో ఆ రెండు ఎక్కడ తేలుతుంది? మరైతే ఈ మీటర్ దేనికి మేడం అని ఒకడడిగాడు. నీళ్లు ఉప్పగా ఉన్నాయా లేదా చెప్పడానికి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా చూడడానికి, అంతవరకే అన్నాను. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో పిల్లలకు తెలియాలి. పర్యావరణ విద్య అని మనం పెద్ద పేరుతో పిలిచే దాంట్లో నాకు కావాల్సింది ఇదే, దానికి ఈ కిట్ బాగా పనికొచ్చింది.

ఇక ఫ్లోరైడు. గొట్టంలో నీళ్లు, దాంట్లో కొలత ప్రకారం రసాయనం, ఐదు నిమిషాలు ఆగితే రంగొస్తుంది. ఫ్లోరైడు లేకపోతే గులాబీ రంగు, పెరిగేకొద్దీ నారింజ మీదుగా పసుపు. దాన్ని చార్టు పక్కన పెట్టి పోల్చాలి. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. నల్లా నీళ్లు గులాబీగానే ఉన్నాయి. బోరు నీళ్లు ఒకటి నారింజ, ఒకటి పసుపు. ఆ పసుపు రంగు సీసా తెచ్చిన పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాయనమ్మ ఇప్పటికీ ఆ బోరు నీళ్లే తాగుతుందట. మర్నాడు వాడడిగితే కిట్ తీసుకుని వాళ్లింటికి నేనూ వెళ్లాను.

ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మెడ పక్కకు తిరగదు, పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. మనవడు గొట్టంలో నీళ్లు పోసి ఆమె ఎదురుగానే చేసి చూపించాడు. గులాబీ ఏది, పసుపు ఏది అని వాడే చెప్పాడు. ఆమె రెండు గొట్టాలనూ చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టి చూసి, "గా బోరు నీళ్లే తియ్యగుంటయి బిడ్డా. నల్లా నీళ్లు మందు వాసనొస్తయి. గిన్నేండ్లు తాగిన, ఇగ మారుస్తనా?" అంది. వాడు, "నువ్వు మార్చకున్నా సరే నాయనమ్మా, చెల్లెకు మాత్రం పొయ్యకే" అన్నాడు. ఆమె నావైపు చూసి, "నిజమేనా మేడం, చిన్న పిల్లలకు ఎక్కువ తల్గుతదా?" అని అడిగింది. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులోనే వాటి మీద దెబ్బ పడుతుందని, ఎముకలు పెరిగేది కూడా అప్పుడేనని చెప్పాను. కాచి తాగితే పోదా అంది. పోదు, కాస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి కానీ ఫ్లోరైడు గిన్నెలోనే ఉండిపోతుంది, ఇంకాస్త చిక్కబడుతుంది అని చెప్పాను. ఈ ఒక్క మాట చెప్పడానికి ఊళ్లో కనీసం ఇరవై ఇళ్లకు తిరిగాను, కాస్తే అన్నీ పోతాయనే నమ్మకం అంత గట్టిది.

బోరు నీళ్లు తియ్యగా ఉండడానికీ ఫ్లోరైడుకూ సంబంధం ఉందా అని పిల్లలే అడిగారు. మా నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది, నీళ్లు వాటి సందుల్లో ఏళ్ల తరబడి నిలబడితే కొద్దికొద్దిగా కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి అడుగున చేరుతుంది, కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లలో కరిగే ఉంటుంది. కాబట్టి నోటికి మెత్తగా, తియ్యగా తగిలినంత మాత్రాన ఫ్లోరైడు లేదని కాదు. ఇది విని ఒక పిల్ల కాఠిన్యం చుక్కల లెక్క, ఫ్లోరైడు రంగు పక్కపక్కన రాసి పట్టిక వేసుకుంది. మా శాంపిళ్లు పదిహేనే, వాటితో సూత్రం చెప్పలేమని నేనే ఆపాను గానీ ఆ పట్టిక వేయాలనే ఆలోచన వచ్చినందుకు చాలా సంతోషమేసింది.

తెలుగు నేలలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఈ జబ్బు సంగతి 1937లోనే డాక్టర్లు రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు పల్లెల్లో చూసి రాశారు. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే ఒక పద్ధతికి మా జిల్లా పేరే ఉంది, నల్గొండ టెక్నిక్. 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే గడ్డలా కట్టి ఫ్లోరైడును అడుగుకు లాక్కెళ్తుంది. దీన్ని బకెట్లో చేసి చూపించాం. పైన తేరిన నీళ్లకు పరీక్ష చేస్తే రంగు పసుపు నుంచి నారింజకొచ్చింది, గులాబీకి రాలేదు. పటిక కొలత తప్పామేమో, అదీగాక నీళ్లలో మిగిలిపోయిన పటిక కూడా ఈ రంగు పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. ఈసారి కొలిచి మళ్లీ చేస్తాం.

ఇప్పుడు ఆ పది సీసాలు. లోపల గోధుమరంగు మందు ఉంటుంది. చెయ్యి తగలకుండా మూత తీసి, గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, 24 నుంచి 48 గంటలు వెచ్చటి చోట ఉంచాలి. మలం కలిసిన నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు అందులో పెరిగితే హైడ్రోజన్ సల్ఫైడు పుట్టి నీళ్లు నల్లగా మారతాయి. మేం నాలుగు పెట్టాం. నల్లా నీళ్లది ఒకటి, బోరుది ఒకటి, ఫిల్టర్ నీళ్ల క్యానుది ఒకటి, మా బడి ట్యాంకుది ఒకటి. స్టాఫ్ రూం బీరువా మీద పెట్టి తాళం వేసుకుని వెళ్లాం. మర్నాడు ప్రార్థనకు ముందే పిల్లలు కిటికీ దగ్గర గుమిగూడారు. నల్లా నీళ్లు ఎలా ఉన్నవి అలాగే, బోరువీ అలాగే. టీడీఎస్ 40 వచ్చిన ఫిల్టర్ నీళ్ల సీసా తారులా నల్లగా ఉంది. మా బడి ట్యాంకుది కూడా సాయంత్రానికి నల్లబడింది.

"మేడం, ఇవి మనం రోజూ తాగుతున్నయే కదా" అని ఒక పిల్ల అడిగితే నాకు నోట మాట రాలేదు. ఆ రోజే ట్యాంకు కడిగించి క్లోరిన్ వేయించాం. మూత పగిలి పక్కకు జరిగి ఉంది, లోపల పావురాల రెట్ట. అంతకు ముందు ఆ మెట్లెక్కి చూసినవాళ్లు ఎవరూ లేరు, నాతో కలిపి.

ఫిల్టర్ నీళ్ల సంగతి ఇంకా నాజూకైనది. ఊళ్లో ఒకే ప్లాంటు, దానిమీదే ఒక కుటుంబం బతుకుతోంది. పిల్లలు గోడమీద రాస్తామన్నారు, నేను వద్దన్నాను. ముందు ప్లాంటు నడిపే ఆయన్ని బడికి పిలిచి, ఆయన ముందే ఇంకో రెండు సీసాలు పెట్టాం, ఒకటి నేరుగా యంత్రం నల్లా నుంచి, ఇంకోటి ఇంటికి చేరిన క్యాన్ నుంచి. యంత్రం దగ్గరి నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, క్యాన్‌లోవి నల్లబడ్డాయి. అంటే దోషం క్యాన్లలో, వాటిని కడిగే తీరులో. ఫిల్టర్ ప్లాంట్లలో ఉండే ఆర్‌ఓ యంత్రాలు ఫ్లోరైడును బాగానే తీసేస్తాయి, మా వైపు ఎన్నో ఇళ్లను కాపాడాయి కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి తర్వాత మురికి ఏది తగిలినా దాన్ని ఆపేదేదీ లేదు. ఆయన మొదట కోపంగా వచ్చాడు, నా వ్యాపారం పాడుచేస్తున్నారన్నాడు, రెండో రోజు సీసాలు చూశాక మాత్రం క్యాన్లు బ్లీచింగ్ నీళ్లతో ఎంతసేపు కడగాలని అడిగి రాసుకుపోయాడు.

నల్లా నీళ్ల "మందు వాసన" మీద పిల్లలు ఒక మంచి పని చేశారు. మిగులు క్లోరిన్ పరీక్షలో నీళ్లు పసుపు రంగుకొస్తాయి, ఎంత పసుపైతే అంత క్లోరిన్. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. పెద్ద ట్యాంకు పక్కిల్లు మొదలుకుని ఊరి చివర దాకా పన్నెండు ఇళ్లలో ఒకే పొద్దున నమూనాలు తీసి, చార్టు పేపరు మీద ఊరి పటం గీసి చుక్కలు పెట్టారు. ట్యాంకు దగ్గర ముదురు పసుపు, మధ్యలో లేత, చివరి వీధిలో రంగే లేదు. వాసన రాదు కాబట్టి ఊరందరి కన్నా తమ నీళ్లే బాగున్నాయని ఆ వీధివాళ్లు మురిసిపోయేవాళ్లు. పటం పట్టుకుని పంచాయతీకి వెళ్తే, వాళ్లు తవ్వి చూశారు. ఊరి లోపలి పైపు ఒకచోట ట్రాక్టరు ఎక్కి పగిలి ఉంది, పక్కనే మోరీ. పైపు మార్చారు. ఆ పటం ఇప్పటికీ మా నోటీసు బోర్డు మీదే ఉంది.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. ఊళ్లోకి ఫిల్టర్లు అమ్మేవాళ్లు వచ్చినప్పుడు నాలుగు కడ్డీలున్న ఒక పరికరం తెస్తారు, మీరూ చూసే ఉంటారు. ఒక గ్లాసులో మీ ఇంటి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల ఫిల్టర్ నీళ్లు పెట్టి కరెంటు ఇస్తే మన గ్లాసులో గోధుమరంగు తెట్టు తేలుతుంది, వాళ్ల గ్లాసు తేటగా ఉంటుంది. ఇన్నాళ్లూ ఈ విషమేనా తాగుతున్నామని ఇల్లంతా హడలిపోతుంది. ఆ తెట్టు నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి పుట్టిన తుప్పు. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, ఫిల్టర్ నీళ్లలో లవణాల్లేవు కాబట్టి కరగదు. మేం 9 వోల్టుల బ్యాటరీ, రెండు ఇనుప మేకులతో చేశాం. ఫిల్టర్ నీళ్లలో అరగంటైనా ఏమీ లేదు, చిటికెడు ఉప్పు వేశాక మాత్రం పది నిమిషాల్లో ఆకుపచ్చ, ఆ తర్వాత గోధుమరంగు తెట్టు. ఇంటి కరెంటుతో మాత్రం ఎవరూ చేయకండి, ప్రాణం పోతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని మహిళా సంఘం మీటింగులో చేసి చూపించారు. అంతకు ముందు నెలే ఆ తెట్టు చూసి భయపడి అప్పు తెచ్చి ఫిల్టర్ కొన్నావిడ అక్కడే ఉంది, చాలా బాధపడింది.

కిట్‌లో లోపాలు. మొదటిది పుస్తకం. మొత్తం ఇంగ్లిషు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. తెలుగు కాగితం ఒకటి అడిగి తెప్పించుకుంటే అది యంత్రం చేసిన అనువాదంలా ఉంది, ఏ సీసా ముందు వేయాలో కూడా అర్థం కాలేదు. చివరికి నేనే ఒక్కో పరీక్షకు ఒక అట్ట రాసి సీసాలకు రంగు కాగితాలు అంటించాను. పల్లె బడులకు అమ్మే వస్తువుకు తెలుగులో సరైన సూచనలు రాయించడానికి ఎంతవుతుంది? రెండోది రంగుల చార్టు. ఫ్లోరైడులో 1కీ 1.5కీ మధ్య రంగు తేడా దాదాపు తెలియడం లేదు, మనకు కావాల్సింది సరిగ్గా ఆ తేడానే. ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, వరండాలో ఇంకో రంగు. ఎప్పుడూ పగటి వెలుతురులో, నీడలో, తెల్ల కాగితం పెట్టి చూడాలని మేం నియమం పెట్టుకున్నాం. ముగ్గురు పిల్లలు విడివిడిగా చూసి కాగితం మీద రాసుకున్నాకే నోటితో చెప్పాలి, లేకపోతే మొదట చెప్పినవాడి మాటే మిగతా ఇద్దరిదీ అవుతుంది.

మూడోది భద్రత. క్లోరిన్ పరీక్షకు మా కిట్‌లో ఇచ్చింది ఆర్థోటాలిడిన్. అది ఆరోగ్యానికి మంచిది కాదని చాలాచోట్ల మానేశారు. దాని బదులు డీపీడీ మాత్రలొస్తాయి, అందులో నీళ్లు గులాబీ రంగుకొస్తాయి. కొనేటప్పుడు అడిగి డీపీడీ ఉన్నదే తీసుకోండి. మా బడిలో ఆ సీసా నేనే పట్టుకుంటాను, పిల్లలకివ్వను. నల్లబడిన హెచ్2ఎస్ సీసాను పిల్లలు తెరవకూడదని, పారేసే ముందు బ్లీచింగ్ ద్రావణం పోసి ఒక పూట ఉంచాలని కూడా పుస్తకంలో ఎక్కడా లేదు. కుళ్లిన గుడ్డు వాసన చూస్తామని ఇద్దరు మూత తిప్పబోయారు, సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. అందులో పెరిగినవి ప్రమాదకరమైనవి.

నాలుగోది గడువు. ఫ్లోరైడు రసాయనం మాకు చేరేనాటికే దాని గడువులో నాలుగు నెలలు గడిచిపోయాయి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే పాత స్టాకు మార్చివ్వలేమన్నారు. డబ్బు కట్టే ముందే తయారీ తేదీ ఫొటో తెప్పించుకోండి.

ఇంకొక జాగ్రత్త. క్లోరిన్ ఎక్కువున్న నీళ్లకు నేరుగా ఫ్లోరైడు పరీక్ష చేస్తే రంగు తప్పుగా రావొచ్చు, బకెట్లో మూత లేకుండా ఒక రాత్రి ఉంచి చేయండి. హెచ్2ఎస్ సీసా నల్లబడితే సందేహించాలి గానీ అదే తీర్పు కాదు, కొన్ని బోరు నీళ్లలో సహజంగా ఉండే సల్ఫైడు వల్ల కూడా నల్లబడొచ్చు. గోడమీద రాసే ముందు, ఎవరినైనా ఏదైనా అనే ముందు జిల్లా నీటి ల్యాబుకు నమూనా పంపండి. మేం బోరు నమూనాలు రెండు పంపాం, మా రంగు లెక్కకూ వాళ్ల లెక్కకూ పెద్ద తేడా రాలేదు, ఆ కాగితం చూశాక ఊళ్లో పిల్లల మాటకు విలువ పెరిగింది.

కొనే స్తోమత లేని బడులు ముందు తమ పంచాయతీలో అడగండి. కేంద్ర ప్రభుత్వ తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు ఇలాంటి కిట్లతో పరీక్షలు నేర్పించాలని ఉంది. మా పక్క ఊళ్లో అలా నేర్చుకున్నావిడ ఒకామె మా బడికొచ్చి నైట్రేటు పరీక్ష నాకన్నా శుభ్రంగా చేసి చూపించింది. పెంటకుప్ప పక్కనున్న చేదబావి నీళ్లు ముదురు గులాబీకొస్తే, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు పాలపిల్లలకు ఎందుకు పట్టకూడదో తన మాటల్లో చెప్పింది. అలాగే మా ఊళ్లో ఒక పెద్దరైతు, అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల నీటిమట్టం, వాన కొలుచుకున్న భూగర్భజలాల ప్రాజెక్టులో పనిచేశాడు. పాత నోటుబుక్కు తెచ్చి, పదిహేను రోజులకోసారి తాడు వేసి ఎన్ని మీటర్ల లోతున నీళ్లున్నాయో ఎలా రాసేవాళ్లో పిల్లలకు చూపించాడు. కిట్ ఒక్కటే వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు, వీళ్లు రావడం వల్లే నిలబడింది.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది పుస్తకానికీ, గడువు కొంత గడిచిపోయాక వచ్చిన రసాయనానికీ. ఫ్లోరైడు మందు గడువు వచ్చే నెల తీరిపోతుంది, దాన్ని విడిగా అమ్ముతున్నారు, 400 చిల్లర, ఈసారి టీచర్లమే వేసుకుంటున్నాం. హెచ్2ఎస్ సీసాలు రెండే మిగిలాయి. ఒకటి మా బడి ట్యాంకుకు, మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు పెడతాం. రెండోది ఎవరింటి నీళ్లకన్నది పిల్లలే తేల్చుకుంటామన్నారు, నిన్నటికి ఎనిమిది మంది పేర్లిచ్చారు.